షార్జాలో చెప్పకుండా వచ్చిన మాట

ఈ ప్రయాణం గురించి ఇదివరకే ఒకసారి రాశాను. తిరిగొచ్చిన కొత్తలో, మా చరిత్ర అధ్యాపకుల సంఘం వేసే సంచిక కోసం. అందులో పొగమంచులోంచి పొడుచుకొచ్చిన మేడలున్నాయి, నోట్లో వేసుకుంటే కరిగిపోయే ఖర్జూరాలున్నాయి, ఎడారిలో సూర్యాస్తమయం ఉంది. ఆ సూర్యాస్తమయం కారు అద్దంలోంచి చూసిందే గాని, ఇసుక మీద నిలబడి చూసినట్టు రాశాను. అదేమంత పాపం కాదు. కానీ చివరి పేరాలో ఇంకో వాక్యం ఉంది: "డాక్టర్ కమలినిగారి కోసం అక్కడి విశ్వవిద్యాలయం పెద్దల ముందు గట్టిగా మాట్లాడాను." అది అబద్ధం. చదివి కొందరు నన్ను మెచ్చుకున్నారు కూడా. అందుకని అదే దారిలో మళ్ళీ ఒకసారి వెళ్ళొస్తాను, ఈసారి ఉన్నది ఉన్నట్టు.

నేను విశాఖపట్నంలో చరిత్ర పాఠాలు చెబుతాను. బ్రిటిష్ సామ్రాజ్యం నా రంగం. కమలినిగారిదీ అదే. ఇద్దరం ఒకే గురువు దగ్గర పరిశోధన చేశాం. ఆవిడ నాకు సీనియర్. తరవాత భర్త ఉద్యోగం వల్ల షార్జా వెళ్ళి, అక్కడ ఒక విశ్వవిద్యాలయంలో చేరారు. భర్త పోయాక కూడా అక్కడే ఉండిపోయారు. ఆవిడ రాస్తున్న పుస్తకం ఆ తీరంలోని చిన్న రేవుల గురించి. ఉద్యోగం ఉంటేనే వీసా, వీసా ఉంటేనే ఆ తీరం.

2015 మొదట్లో ఆవిడ ఉద్యోగ ఒప్పందాన్ని పొడిగించాలా వద్దా అని తేల్చే సమయం వచ్చింది. ఎన్ని వ్యాసాలు రాశారు, వాటిని ఎంతమంది తమ రచనల్లో ఉదహరించారు అన్నది లెక్కవేసి చూస్తారు. ఆ ఉదహరింపులనే సైటేషన్లు అంటారు. మా లోకంలో ఇప్పుడు మనిషిని తూచేది వాటితోనే. బయటినుంచి అదే రంగం మనిషిని ఒకరిని పిలిచి అభిప్రాయం అడగడం అక్కడి పద్ధతి. ఎవరిని పిలవాలో పేరు సూచించే అవకాశం ఆ ఉద్యోగికే ఇస్తారు.

కమలినిగారు నా పేరు ఇచ్చారు.

పొగమంచులో దిగడం

ఎడారి దేశం కదా, కళ్ళు చెదిరే ఎండ ఉంటుందనుకుని నల్ల కళ్ళద్దాలు కొనుక్కుని వెళ్ళాను. విమానం కిందికి దిగుతుంటే కిటికీలో అంతా పాలు. ఆ పాలలోంచి అక్కడక్కడా మేడల కొసలు మాత్రం తేలుతున్నాయి, మునిగిన ఊరి ధ్వజస్తంభాల్లాగా. శీతాకాలపు పొద్దుల్లో అక్కడ అలా పొగమంచు పడుతుందని నాకు తెలియదు. చక్రాలు నేలకు తగిలాయని కుదుపును బట్టి తెలిసిందే గాని నేల మాత్రం కనపడలేదు.

బయట ఒక మనిషి నా పేరు గట్టిగా పిలుస్తూ తిరుగుతున్నాడు. కమలినిగారిని రోజూ ఇంటినుంచి విశ్వవిద్యాలయానికి తీసుకెళ్ళే కారు అతనిది. ఒకే దారిలో వెళ్ళే నలుగురైదుగురు నెలవారీగా మాట్లాడుకుని ఒక కారులో పోవడాన్ని అక్కడ కార్ లిఫ్ట్ అంటారు.

"నమస్తే సార్. మేడం పంపింది. మల్లేశం నా పేరు. మాది జగిత్యాల దిక్కు. మీరు వైజాగా?"

"అవును."

"అయితే మనయి గిప్పుడు వేరే వేరే రాష్ట్రాలు," అని నవ్వాడు. "గని ఈడ ఏం ఫరక్ లేదు సార్. ఈడ అందరం హిందీలమే." అక్కడి అరబ్బులు భారతీయులందరినీ హిందీ అనే పిలుస్తారట.

కారు మెల్లగా పోతోంది. ముందు బండి ఎర్ర దీపాలు తప్ప ప్రపంచమేమీ లేదు.

"సార్, మేడం కాలేజిల ఏం చెప్తది?"

"చరిత్ర."

"ఎవలది?"

"ఇంగ్లీషువాళ్ళ రాజ్యం గురించి."

మల్లేశం కొంచెంసేపు ఆలోచించాడు. "వాళ్ళది వాళ్ళు చెప్పుకుంటలేరా?" అన్నాడు.

నాకు బస రోలా అనే పాత బజారు దగ్గర. హోటలు కింద కాసరగోడువాళ్ళ చిన్న ఫలహారశాల ఉంది. టీ ఒక దిర్హం, మన డబ్బులో పదిహేడు రూపాయల దాకా. వైజాగులో రోడ్డు పక్క టీకి రెట్టింపు. కానీ కప్పు పెద్దది. ఏలకులు, పాలపొడి వేసి చాలాసేపు మరిగించిన చిక్కటి టీ. దాన్ని కరక్ అంటారు. పరోటా చుట్టి, లోపల గుడ్డు, మీద మిరప పొడి వేసి ఇస్తే మూడు దిర్హాలు. గోడకానుకుని తింటుంటే వెనక కారొకటి ఆగి ప్యాం ప్యాం అని హారన్ కొట్టింది. అడ్డంగా ఉన్నానేమోనని చేతులు జోడించి పక్కకు జరిగాను. మళ్ళీ కొట్టింది. ఇంకా జరిగాను. కల్లాపెట్టె దగ్గరాయన పగలబడి నవ్వాడు.

"సాబ్, ఆప్‌కో నహీఁ. చాయ్ మాంగ్ రహా హై."

అక్కడ కారు దిగకుండానే హారన్ కొట్టి టీ తెప్పించుకుంటారు. మన ఊళ్ళో అలా కొడితే టీ రాదు, తిట్లొస్తాయి. ఆ కారులో తెల్లటి దుస్తుల్లో ఉన్న ముసలాయన నా దండం చూసి తనూ ఛాతీ మీద చెయ్యి వేసుకుని తల వంచాడు. పొగమంచు ఇంకా విడలేదు. ఎవరో కంటున్న కలలోకి అడ్రసు తప్పి వచ్చినట్టు అనిపించింది.

ఇంగ్లండులో కాపురం

కమలినిగారి ఇల్లు షార్జాలో కాదు, దుబాయ్ శివార్లలో, ఇంటర్నేషనల్ సిటీలో. పేరు ఘనంగా ఉంది గాని, చౌకలో చౌకగా అద్దెలు దొరికే చోటు అది. ఒకేలాంటి నాలుగంతస్తుల భవనాలు బారులు బారులుగా ఉంటాయి. ఒక్కో గుంపుకి ఒక్కో దేశం పేరు పెట్టారు: చైనా, పర్షియా, స్పెయిన్, రష్యా, ఇలా. గది పంచుకునే బ్రహ్మచారులు, చిన్న సంసారాలు, బాల్కనీల నిండా ఆరేసిన బట్టలు. కమలినిగారు ఉండేది ఇంగ్లండులో.

"సామ్రాజ్యం గురించి రాసేదాన్ని, ఇంగ్లండులో కాక ఇంకెక్కడుంటానోయ్?" అన్నారు తలుపు తీస్తూ. జుట్టు బాగా నెరిసింది. గొంతు మాత్రం మారలేదు. "పర్షియాలో అద్దె తక్కువే. కానీ అటు గాలి మళ్ళితే మురుగు వాసన."

"ఇంగ్లండుకి రాదా వాసన?"

"వస్తుంది. ఆలస్యంగా వస్తుంది."

వంజరం చేప పులుసు పెట్టారు. చింతపండు సామర్లకోటదట, చేప షార్జా మార్కెట్‌ది. తింటున్నంతసేపూ ఇద్దరం ఊరి కబుర్లే చెప్పుకున్నాం. తరవాత బాల్కనీలో కూర్చున్నాం. ఎదురుగా ఇంగ్లండు, దాని వెనక ఫ్రాన్సు, ఇంకా అవతల ఇసుక. దీపాలొక్కొక్కటే వెలుగుతున్నాయి. ఆ వేళప్పుడు ఆవిడ, ఎవరి సంగతో చెబుతున్నట్టు, చెప్పుకొచ్చారు.

"మూర్తీ, ఈ మధ్య పత్రికకి పంపిన వ్యాసం కూడా తిరిగొచ్చింది. పరీక్షించినాయన ఏమన్నాడో తెలుసా? ఈ రచయిత్రికి మూర్తి సిద్ధాంతం సరిగ్గా అర్థం కాలేదట!"

అని నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వకుండా ఉండవలసింది.

ఆ సిద్ధాంతం ఏమిటో చెప్పాలి. పాతరోజుల్లో గల్ఫ్ తీరంలోని చిన్న చిన్న రేవుల్లో బ్రిటిష్‌వాళ్ళ తరఫున స్థానిక గుమాస్తాలు ఉండేవాళ్ళు. ఉత్తర్వులు బొంబాయి నుంచి స్టీమరు మీద రావాలి. వచ్చేదాకా వాళ్ళు ఎదురు చూడాలి. ఎదురుచూస్తూ తమకు తోచింది చేసేవాళ్ళు, చివరికి అదే ప్రభుత్వ విధానమైపోయేది. సామ్రాజ్యం నడిచింది ఓడల బలంతో కాదు, ఎదురుచూపుతో. ఇదీ వాదన. ప్రపంచంలో ఈ రంగంలో పనిచేసేవాళ్ళంతా దీన్ని "మూర్తి వాదన" అంటారు. నా పేరున ఉన్న సైటేషన్లలో ముప్పాతిక దీనివే.

ఇది నా వాదన కాదు. కమలినిగారి పరిశోధనలోది. ఆ పరిశోధన పుస్తకంగా అచ్చు కాలేదు. నేనొక ఇంగ్లీషు పత్రికకు ఈ రంగమంతటినీ పరిచయం చేస్తూ వ్యాసం రాసినప్పుడు ఆవిడ వాదనను ఒక పేరాలో చెప్పి, కింద ఆవిడ పేరు ఇచ్చాను. వ్యాసం పొడుగైంది, పేజీల అడుగున ఇచ్చే అధస్సూచికలు కొన్ని తగ్గించమన్నాడు సంపాదకుడు. అచ్చుకాని రచనలవి ముందు తీసేయడం మా ఆనవాయితీ. తీసేశాను. పేరా ఉండిపోయింది, పేరు పోయింది. అప్పుడది సర్దుబాటులా కనిపించింది. తరవాత ఏళ్ళ తరబడి నన్ను ఉదహరిస్తుంటే దిద్దడానికి చాలా అవకాశాలొచ్చాయి. నాకు వాటిలో ఒక్కటీ కనపడలేదు.

"కోపం లేదా మీకు?" అన్నాను.

"ఉండేది. ఇప్పుడు వేరే బాధ పట్టుకుంది. రేపు చెప్తా, పద. ఖలాస్, నిద్రొస్తోంది."

జజీరా అల్ హమ్రా

మర్నాడు శుక్రవారం, అక్కడ సెలవు. మల్లేశం కారులో ఉత్తరంగా, రస్ అల్ ఖైమా వైపు వెళ్ళాం. మధ్యలో ఆగి తందూరు రొట్టె, పప్పు తిన్నాం. రొట్టె మడత పెట్టిన దుప్పటంత ఉంది. ఉల్లిపాయలు, పుదీనా ఆకులు ఎంత తింటే అంత, ఉచితం. మన దగ్గర ఉల్లి ధర పెరిగితే ప్రభుత్వాలు కదిలిపోతాయని మల్లేశం రొట్టెలు కాల్చే పెషావరు మనిషికి హిందీలో చెబితే, ఆయన నా కేసి జాలిగా చూసి ఇంకో ఉల్లిపాయ పెట్టాడు.

జజీరా అల్ హమ్రా ఒకప్పుడు ముత్యాలు తీసేవాళ్ళ ఊరు. ఇప్పుడు ఎవరూ లేరు. సముద్రపు పగడపు రాళ్ళతో కట్టిన గోడలు సగం సగం నిలబడి ఉన్నాయి. దగ్గరికెళితే గోడలో గవ్వలు, ఆల్చిప్పలు కనిపిస్తాయి. కప్పులు లేని గదుల్లో మెత్తటి ఇసుక పరుచుకుని ఉంది. ఒక ఇంటి తలుపు తెరిచే ఉంది, దాని వెనక గోడ మాత్రం లేదు. గాలి ఎటునుంచో వచ్చి ఎటో పోతోంది. మాట్లాడితే మాట కొంచెం దూరం వెళ్ళి ఆగిపోతోంది.

మల్లేశం కారు దిగలేదు.

"ఏమయ్యా, రావా?" అన్నాను.

"నేను రాను సార్. జిన్నాతులు, దయ్యాలు ఉంటయంట ఈడ."

"పట్టపగలు కూడానా?"

"వాటికి డ్యూటీ టైమింగులు ఉంటయా సార్? మేడమ్‌కు భయం లేదు, ఆమె చదువుకున్నది. మీరు గూడ చదువుకున్నోళ్ళే. పోండ్రి."

కమలినిగారు చెప్పులు చేతిలో పట్టుకుని ముందు నడుస్తున్నారు. తనదే అయిన ఊళ్ళో నడుస్తున్నట్టు, ఇది కొట్టు, ఇది మసీదు, ఇది ఎవరో ఉన్నవాళ్ళ ఇల్లు, అంటూ. నీడ పడిన ఒక గోడ దగ్గర కూర్చున్నాం.

"మా ఇంట్లో ఏసీ పాడైతే," అని మొదలుపెట్టారు, "బాగుచేసేవాణ్ణి పిలిచా. పార్ట్ రావాలి మేడం, బాంబే నుంచి రావాలి అన్నాడు. ఆగా. మళ్ళీ అడిగా. ఇంకా రాలేదన్నాడు. ఆ ఎండాకాలమంతా ఉడికిపోయా. ఒకరోజు చూద్దును గదా, కింద అంతస్తులో అదే పార్ట్ బిగిస్తున్నాడు."

"మరి?"

"మరేముంది? నా ఏసీ మరీ పాతది, వాడికి దాని జోలికి రావడం ఇష్టం లేదు. మొహం మీద రాను అనలేడు. బాంబే నుంచి రాలేదు అంటాడు. ఈ భవనంలో అందరికీ ఆ మాటకి అర్థం తెలుసు. నాకొక్కదానికే తెలీదు." ఆవిడ నా వైపు తిరిగారు. "అర్థమైందా, మూర్తీ?"

నాకు అర్థమైంది.

"స్టీమరు కంటే ముందే పడవలవాళ్ళు కబురు తెచ్చేవాళ్ళోయ్. ఆ గుమాస్తాలకి అంతా ముందే తెలుసు. బొంబాయి నుంచి ఉత్తర్వు రాలేదు అన్నది ఎదురుచూపు కాదు. కుదరదు అని మర్యాదగా చెప్పడం. ఇటు దొరలకీ అదే చెప్పారు, అటు షేకులకీ అదే చెప్పారు. షేకులకి అర్థమైంది. దొరలు నమ్మి కాగితాల మీద రాసుకున్నారు. ఆ కాగితాలు చదివి నేను నమ్మాను. నన్ను చదివి నువ్వు నమ్మావు. నిన్ను చదివి ప్రపంచం నమ్మింది."

"అంటే మీ వాదన..."

"తప్పు. పాతికేళ్ళప్పుడు రాసిన తప్పు. దిద్దుకుందామంటే దిద్దుకోనివ్వడం లేదు. మూర్తిని కాదనడానికి ఈవిడెవరు అంటున్నారు. నా తప్పు నీ పేరు మీద ఉండి నన్నే రానివ్వడం లేదు, చూశావా విచిత్రం!"

గోడలోని ఆల్చిప్పల మీద ఎండ కదిలింది. ఆవిడ ఏళ్ళ తరబడి వ్యాసాలు ఎందుకు అచ్చు వేయించలేకపోయారో, సైటేషన్లు ఎందుకు లేవో, ఆ కారణం ఆవిడ పక్కనే కూర్చుని బూటులోంచి ఇసుక దులుపుకుంటోంది.

"నిన్ను అందుకే రమ్మన్నా," అన్నారు. "ఆదివారం వాళ్ళు నిన్ను అడుగుతారు. నన్ను పొగడొద్దు. పాతవన్నీ తవ్వొద్దు. నువ్వు రాసింది తప్పు, నేను ఇప్పుడు రాసేది ఒప్పు అని చెప్పు చాలు. నీ నోటితో చెబితే వింటారు."

"చెప్తాను," అన్నాను. అప్పుడు ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

తిరిగి వస్తుంటే కారు అద్దంలో సూర్యుడు ఇసుక దిబ్బల వెనక్కి జారాడు. నేను పాత వ్యాసంలో వర్ణించింది ఇదే. ఆవిడ వెనక సీట్లో నిద్రపోతున్నారు. మల్లేశం పాట గొంతు తగ్గించాడు.

గదిలో

ఆదివారం అక్కడ వారం మొదలు. విశ్వవిద్యాలయం ఖర్జూర చెట్ల వరసల మధ్య, తెల్లటి గుమ్మటాలతో, నీళ్ళలో ప్రతిబింబంలా ఉంటుంది. నన్ను చల్లటి గదిలో కూర్చోబెట్టారు. డీన్ మర్యాదస్తుడు, మెత్తగా మాట్లాడే మనిషి. అందరూ ఆయన్ని ముదీర్ అంటున్నారు, అంటే పెద్ద అధికారి అని. ఆయనతో ఇంకో ముగ్గురు. కమలినిగారు లేరు, ఉండకూడదు.

ఏలకుల వాసన వేసే అరబ్బు కాఫీ చిన్న గిన్నెల్లో పోశారు. తాగాను. మళ్ళీ పోశారు. తాగాను. మళ్ళీ పోశారు. వద్దనడం అమర్యాదేమోనని తాగుతూనే ఉన్నాను. చివరికి డీన్ నవ్వి, చాలు అనిపిస్తే గిన్నెను ఇలా అటూ ఇటూ ఊపాలి అని తన గిన్నెతో చేసి చూపించారు. ఊపాను. పోసే మనిషి వెంటనే వెళ్ళిపోయాడు. నోటితో చెప్పనక్కర్లేకుండా చెప్పడం ఎంత సుఖమో అనుకున్నాను.

గోడ మీద తెర వెలిగింది. కమలినిగారి వ్యాసాలు, వాటి సైటేషన్లు. నీలం రంగు గీతలు, గడ్డి పరకల్లా పొట్టిగా. పక్కన పోల్చడానికి ఇంకొకరివి పెట్టారు. ఎర్ర గీతలు, ఏటేటా పైకి లేస్తూ, చివరికి తెర అంచు దాకా. కింద నా పేరు.

"క్షమించాలి, మీ ఎదురుగానే మీ గణాంకాలు," అన్నారు డీన్. "మీ రంగంలో మీదే ప్రమాణం కాబట్టి."

నా గీతల్ని అంత పెద్దగా నేనెప్పుడూ చూడలేదు. మా ఊళ్ళో వాటిని ఎవరూ అలా తెరకెత్తలేదు. సిగ్గుపడవలసిన చోట నాకు సంతోషం వేసింది. దాన్ని దాచడం అనవసరం.

"ఆమె కొత్త వ్యాసాలు మీ వాదనకు విరుద్ధంగా ఉన్నాయి," అన్నారాయన. "పత్రికలు తిరస్కరించడానికి అదే కారణం. మీరే చెప్పండి, ప్రొఫెసర్. ఎవరిది సరైనది?"

ఇంతకంటే తేలిక ప్రశ్న నన్ను జీవితంలో ఎవరూ అడగలేదు. ఆమెది, అంటే సరిపోయేది. గదిలో ఏసీ సన్నగా మోగుతోంది. నలుగురూ నా వైపు చూస్తున్నారు. నా నోరు, ఎన్నో సదస్సుల్లో అలవాటైన దారిలో, తనంతట తనే నడిచింది.

"ఇది ఇంకా తేలని చర్చ," అన్నాను. "రెండు వాదనలకూ బలముంది. మరింత పరిశోధన జరగాలి."

ఆ తరవాత ఆవిడ శ్రద్ధ గురించి, నిజాయితీ గురించి చాలాసేపు మాట్లాడాను. మా వృత్తిలో వాదన ఊసెత్తకుండా శ్రద్ధను మెచ్చుకుంటే ఏమిటర్థమో ఆ గదిలో అందరికీ తెలుసు. డీన్ తల పంకించారు. తెర ఆరిపోయింది. బొంబాయి నుంచి ఉత్తర్వు ఇంకా రాలేదని చెప్పి బయటపడ్డ గుమాస్తాను నేను.

క్రీక్ మీద

ఆ సాయంత్రం కమలినిగారు నన్ను దుబాయ్ క్రీక్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఊరి మధ్యకి పాములా వచ్చిన సముద్రపు పాయ అది. ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి చెక్క పడవలు తిరుగుతుంటాయి. మనిషికి ఒక దిర్హం. చుట్టూ రెయిలింగు లేదు, మధ్యలో బల్ల, దాని మీద వీపులు ఆనించుకుని కూర్చోవాలి. మన గోదావరి రేవుల్లో పడవ నిండేదాకా కేకలేసి పిలుస్తారు. ఇక్కడ నిండగానే ఒక్క మాటైనా లేకుండా బయలుదేరుతుంది.

నీళ్ళ మీద పసుపు వెలుతురు ఊగుతోంది. ఒడ్డున సరుకుల పడవలు, వాటి మీద ఫ్రిజ్‌లు, టైర్లు, బియ్యం మూటలు, ఇరానుకో సోమాలియాకో వెళ్ళేవి. మసీదుల్లోంచి పిలుపు ఒకదాని వెనక ఒకటి మొదలై, నీళ్ళ మీద కలిసిపోయింది. మా వీపులు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. నా మొహం ఆవిడకి కనపడదు.

"ఏమన్నావ్?" అని అడిగారు.

"గట్టిగానే చెప్పాను," అన్నాను.

"నువ్వు రాసింది తప్పని చెప్పావా?"

"చెప్పాను."

ఆవిడ వెనక్కి చెయ్యి చాచి నా భుజం తట్టారు. "నీకు కష్టమే కదోయ్. నాకు తెలుసు. థాంక్స్."

పడవ అవతలి ఒడ్డుకి తగిలింది. దిగేటప్పుడు నా కాలు జారి, మోకాలి దాకా నీళ్ళలో పడింది. ఆవిడ, పడవవాడు, ఎవరో ఇద్దరు పఠాన్లు కలిసి పైకి లాగారు. అందరూ నవ్వారు. తడిసిన బూటుతో బజారంతా నడిచాను, చప్పుడు చేసుకుంటూ. మా ఆవిడ కోసం కమలినిగారు కుంకుమపువ్వు కొన్నారు. బేరమాడుతూ కొట్టువాణ్ణి "యల్లా, యల్లా, సరిగ్గా చెప్పు" అని గదమాయిస్తున్నారు. ఎన్నాళ్ళకో అంత హుషారుగా కనిపించారు. ఆ హుషారు నా అబద్ధం వల్ల వచ్చింది.

తిరిగి వచ్చాక

ఒప్పందం పొడిగించలేదు. డీన్ కమలినిగారిని పిలిచి, ఎంతో సౌమ్యంగా, మీరు సూచించిన పండితుడే రెండు వాదనలకూ బలముంది అన్నారు అని చెప్పారట. ఆ రాత్రి నా ఫోన్‌కి ఆవిడ నుంచి ఒకటే మెసేజ్ వచ్చింది. "రెండింటికీ బలముందా, మూర్తీ?"

నేను జవాబు ఇవ్వలేదు. ఆ వారమే సంఘం సంచికకు యాత్రా వ్యాసం రాసిచ్చాను, మీకు ముందే చెప్పిన ఆ వాక్యంతో సహా. ఎందుకు రాశానంటే, అచ్చులో చూస్తే నేనైనా నమ్ముతానేమోనని.

ఆవిడ వీసా కోసం షార్జాలోనే ఒక ఇండియన్ స్కూల్లో సోషల్ టీచరుగా చేరారు. పుస్తకం ఆగింది. ఏడాది పైన గడిచాక నాకు ఉండబట్టలేక, నా వ్యాసం వేసిన ఆ ఇంగ్లీషు పత్రికకే ఒక సవరణ వ్యాసం పంపాను. ఎదురుచూపు వాదన నాది కాదని, కమలినిగారిదని, అది తప్పని ఆవిడే తేల్చారని, ఆవిడ కొత్త వాదన ఇదీ అని, అన్నీ స్పష్టంగా, మొదటి పేజీ నుంచీ ఆవిడ పేరుతోనే రాశాను. వాళ్ళు వేశారు. కొన్నాళ్ళకి ఉదహరించడం మొదలుపెట్టారు. "మూర్తి తన పాత వాదనను తానే సాహసంతో ఖండించుకుని, గుమాస్తాల మర్యాదపూర్వక తిరస్కారం అన్న కొత్త సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు" అని. నా ఎర్ర గీత ఇంకో మెట్టు పైకి లేచింది.

అప్పుడు ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎత్తారు. వెనక పిల్లల గోల.

"కమలినిగారూ, క్షమించమని అడగడానికి చేశాను. కానీ ముందు ఇది వినండి," అని జరిగింది చెప్పాను.

అవతల ఆ పాత నవ్వు. "మళ్ళీ నీ పేరు మీదేనా? ఒరేయ్, నీకు రాసిపెట్టి ఉందిరా!" ఎప్పుడూ నన్ను రా అనని మనిషి. నవ్వు ఆగాక గొంతు మారింది. "ఇంక రాయకు మూర్తీ. నువ్వేం రాసినా నీ ఖాతాలోనే పడుతుంది. అడిగినచోట నోరు తెరిచి చెప్పు. ఆ రోజు కూడా నేను అడిగింది అదే. ఉంటా, క్లాసుంది."

క్షమించానని అనలేదు. నేను మళ్ళీ అడగలేదు. ఈ వ్యాసం రాసే ముందు మాత్రం అనుమతి అడిగాను. "తెలుగులోనా?" అన్నారు. "అయితే రాసుకో. అక్కడ లెక్కపెట్టేవాళ్ళు లేరు."

మొన్న రాజమండ్రిలో ఒక కళాశాల సదస్సుకు పిలిచారు. ప్రిన్సిపాల్‌గారు శాలువా చేతిలో పట్టుకుని, ప్రపంచ ప్రసిద్ధమైన మూర్తిగారి రెండు సిద్ధాంతాలు అంటూ పరిచయం చేస్తుంటే మధ్యలోనే లేచాను. మైకు తీసుకున్నాను. ఆ రెండూ నావి కావండీ, అన్నాను. మొదటిదాన్ని ఆవిడ ఎలా రాశారో, నేను పేరెలా తీసేశానో, రెండోది ఆవిడకి ఎలా తట్టిందో, షార్జాలో ఆ గదిలో నన్ను ఏమడిగారో, నేనేమన్నానో, అన్నీ చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో ఒకాయన గడియారం చూసుకున్నాడు. శాలువా కప్పాలో వద్దో తెలియక ప్రిన్సిపాల్‌గారు అలాగే నిలబడ్డారు.

వెనక వరసలోంచి ఒక లెక్చరరు లేచింది. నలభై ఏళ్ళుంటాయి.

"సార్, ఆవిడ పూర్తి పేరు చెప్పండి. ఇంటిపేరుతో సహా. రాసుకుంటాను."

"చింతలపూడి కమలిని," అన్నాను.

ఆమె తల వంచి రాసుకుంటోంది. "వినపడలేదు సార్, ఇంకోసారి," అంది.

మైకు దగ్గరగా పెట్టుకుని ఇంకోసారి చెప్పాను.